మా కార్పొరేటర్ సేవలు: అయిదేళ్లు వాడాక రాస్తున్న రివ్యూ

రేటింగ్: గెలిచిన అభ్యర్థికి 5కి 2. ఓడిపోయిన అభ్యర్థికి 5కి మూడున్నర. అచ్చుతప్పు కాదు, కింద చెప్తాను.

మన హైదరాబాద్‌లో బిర్యానీలో మసాలా తక్కువైతే ఇంటికి చేరేలోపే ఒక స్టార్ ఇచ్చి ఫొటో పెట్టేస్తాం. అయిదేళ్లు మన గల్లీ మోరీ (మురుగు కాలువ), వీధి దీపం, చెత్త బండి చూసుకోవాల్సిన మనిషి గురించి మాత్రం ఎక్కడా ఒక్క రివ్యూ కనిపించదు. గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్ (జీహెచ్‌ఎంసీ) పాత పాలకమండలి గడువు 2026 ఫిబ్రవరి 10తో అయిపోయింది. అంతకుముందే, 2025 డిసెంబర్‌లో, ఔటర్ రింగ్ రోడ్డు దాకా ఉన్న 27 మున్సిపాలిటీలు, కార్పొరేషన్లను గ్రేటర్‌లో కలిపేసి వార్డులను 150 నుంచి 300 చేశారు. సీట్లు రెట్టింపయ్యాయి, ఆశావహులు ఎన్ని రెట్లయ్యారో దేవుడికే తెలియాలి. మా వీధి మొదట్లో ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ ఎన్ని నమస్కారాల ఫ్లెక్సీలు వేలాడుతున్నాయంటే, లైన్‌మన్ పైకెక్కాలంటే ఎవరో ఒకరి ముఖం మీద కాలు పెట్టాల్సిందే. ఇంతమందిలో ఎవరికి వేయాలి అని మా అపార్ట్‌మెంట్‌లో కొత్తగా దిగినవాళ్లు అడుగుతుంటే, ప్రతిసారీ చెప్పలేక ఇది రాస్తున్నాను.

పేర్లు, పార్టీలు, డివిజన్ (అంటే వార్డే) చెప్పను. గొడవలెందుకు అన్నది ఒక కారణం. రెండోది, నేను పార్టీ పేరు రాసి మీరు చదివేలోపు ఆ మనిషి ఇంకో కండువా కప్పుకుని ఉండొచ్చు.

ముందు అసలు వస్తువేంటో చూద్దాం, ఎందుకంటే చాలామంది కార్పొరేటర్‌కి ఓటేస్తూ ఏదో ఇంకెవరికో వేస్తున్నామనుకుంటారు. కార్పొరేటర్ చేతిలో ఉన్నవి: రోడ్లు, వరద నీటి కాలువలు, చెత్త, వీధి దీపాలు, దోమల మందు, పార్కులు, శ్మశానాలు, కమ్యూనిటీ హాళ్లు. వీటికి కూడా పనులు ప్రతిపాదించడం, అధికారుల వెంట పడటం వరకే, చెక్కు మీద సంతకం ఆయనది కాదు. నల్లా నీళ్లు, డ్రైనేజీ జలమండలి చూస్తుంది. కరెంటు పంపిణీ సంస్థ డిస్కమ్‌ది. చెరువుల ఆక్రమణలు తొలగించడానికి 2024లో హైడ్రా అనే సంస్థ వచ్చింది. ట్రాఫిక్ పోలీసులది. మీ ఇంటి ముందు నిలిచిన నీళ్లు వాన నీళ్లయితే ఒక ఆఫీసు, మురుగు నీళ్లయితే ఇంకో ఆఫీసు, రెండూ కలిసి నిలిస్తే (మన దగ్గర ఎప్పుడూ కలిసే నిలుస్తాయి) ఇద్దరూ మాది కాదంటారు. ఇద్దరినీ ఒకే రోజు ఒకే మ్యాన్‌హోల్ దగ్గర నిలబెట్టగలిగినవాడే మంచి కార్పొరేటర్. ఉద్యోగం నిజానికి అంతే. అది చేయగలడా లేదా అన్నదొక్కటే నేను చూస్తాను.

ఈ ఉద్యోగానికి జీతం ఎంతో తెలుసా? గౌరవ వేతనం నెలకు 6,000 ఉండేది, 2021లో 30 శాతం పెంచితే 7,800 అయింది. దాన్ని 60 నెలలతో గుణించండి, 4 లక్షల 68 వేలు. 2020 ఎన్నికల్లో ఒక అభ్యర్థి పెట్టుకోదగ్గ ఖర్చు పరిమితి 5 లక్షలు. అంటే చట్టం ప్రకారం పద్ధతిగా ఖర్చు పెట్టినవాడికి కూడా అయిదేళ్ల జీతంలో అది తిరిగి రాదు. ఇక పద్ధతిగానే ఖర్చు పెట్టారని మీరు నమ్మితే మీ ఇష్టం, నేను మా గల్లీలో ఊరేగింపుల్లో పంచిన బిర్యానీ ప్యాకెట్లు చూసిన మనిషిని. కొత్త ఇంటికి స్లాబ్ పోసే రోజే ఎవరో ఇద్దరు బైక్ మీద వచ్చి "అన్న రమ్మన్నడు" అనే సంప్రదాయం ఊళ్లో ఎందుకు పుట్టిందో ఈ లెక్క చూస్తే అర్థమవుతుంది.

మేయర్ సంగతి. ఈ ఎన్నికల్లో అందరూ మేయర్ పీఠం గురించే అరుస్తారు, మీ బ్యాలెట్‌లో మాత్రం మేయర్ పేరే ఉండదు. 2002లో, అప్పటి హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ ఎంసీహెచ్‌కి, జనం నేరుగా మేయర్‌కి ఓటేశారు, తీగల కృష్ణారెడ్డి అలాగే గెలిచారు. 2007లో చుట్టుపక్కల 12 మున్సిపాలిటీలు, 8 గ్రామ పంచాయతీలు కలిపి జీహెచ్‌ఎంసీ చేశాక, 2009 నుంచి మేయర్‌ని కౌన్సిల్ ఎన్నుకుంటోంది. చేతులెత్తి. అందులో ఎంపీలు, ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు కూడా ఎక్స్‌అఫీషియో (పదవి రీత్యా) సభ్యులుగా చేతులెత్తుతారు. 2009లో కాంగ్రెస్‌కి 52, టీడీపీకి 45, మజ్లిస్‌కి 43 వచ్చాయి, ఎవరికీ మెజారిటీ లేదు. కాంగ్రెస్, మజ్లిస్ కూర్చుని మాట్లాడుకుని ముందు బండ కార్తీకరెడ్డి, తర్వాత 2012 నుంచి మాజిద్ హుస్సేన్ అని పదవిని పంచుకున్నాయి. 2016లో టీఆర్ఎస్‌కి 99 వచ్చాయి కాబట్టి చర్చే లేదు, బొంతు రామ్మోహన్ అయ్యారు. 2020లో టీఆర్ఎస్ 56, బీజేపీ 48, మజ్లిస్ 44, కాంగ్రెస్ 2. ప్రచారంలో ఒకరినొకరు తిట్టుకున్న టీఆర్ఎస్, మజ్లిస్ 2021 ఫిబ్రవరి 11న ఒకే వైపు చేతులెత్తాయి, గద్వాల విజయలక్ష్మి మేయరయ్యారు. 2024 మార్చిలో ఆవిడ కాంగ్రెస్‌లో చేరారు. నేను ఎవర్నీ తప్పుపట్టడం లేదు, నిబంధనలు అలాగే ఉన్నాయి. కానీ మేయర్ కోసం ఓటేస్తున్నాను అని ఎవరైనా అంటే మాత్రం నాకు నవ్వొస్తుంది. మీరేసేది మీ మోరీ కోసం, మేయర్ సంగతి తర్వాత ఏదో గెస్ట్ హౌస్‌లో తేలుతుంది.

2020 ప్రచారం గుర్తుందా? అక్టోబర్ 13, 14 తేదీల్లో ఆ వాన పడి సగం ఊరు నీళ్లలో ఉంది. ఇంకా గోడల మీద నీటి మరకలు ఆరకముందే నవంబర్‌లో ఎన్నికలొచ్చాయి. వరద సాయం 10,000 కోసం మీసేవ సెంటర్ల ముందు మైళ్ల కొద్దీ లైన్లు, నవంబర్ 18న ఎన్నికల సంఘం ఆపమంటే లైన్లలో ఉన్నవాళ్లు అక్కడికక్కడే లబోదిబోమన్నారు. ఒక పార్టీ నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీళ్లంది (అది 2021 జనవరిలో మొదలైంది కూడా, ఒప్పుకోవాలి), ఇంకో పార్టీ మమ్మల్ని గెలిపిస్తే వరద బాధితులకు 25,000 ఇస్తాం, ట్రాఫిక్ చలాన్లు కూడా జీహెచ్‌ఎంసీతో కట్టిస్తాం అంది. ఢిల్లీ నుంచి హోంమంత్రి వచ్చి చార్మినార్ దగ్గర గుడికెళ్లారు, యూపీ ముఖ్యమంత్రి రోడ్‌షో చేశారు, ఊరి పేరు మార్చాలా వద్దా అని టీవీల్లో రాత్రి పదింటి దాకా చర్చ. ఇంతలో మా డివిజన్ అభ్యర్థి ఎవరో మాలో సగం మందికి తెలియదు. ఆయన ముఖం ఫ్లెక్సీలో కింద మూల స్టాంపు సైజులో ఉండేది, పైన పెద్ద నాయకులు వరసగా. మోరీ పూడిక తీసేవాడి ముఖం స్టాంపు సైజులో, మన గల్లీ ఎప్పటికీ చూడనివాళ్ల ముఖాలు గేటంత సైజులో.

చివరికి ఓటేసింది 46.55 శాతం. అదే ఎక్కువ, 2009లో 42, 2016లో 45 శాతం పైచిలుకు. 2020లో డిసెంబర్ 1 మంగళవారం పోలింగ్, సోమవారం కార్తీక పౌర్ణమి సెలవు, దానికి ముందు శనాదివారాలు. నాలుగు రోజులు కలిసొచ్చాయి కదా అని కార్లేసుకుని ఊళ్లకు పోయినవాళ్లు తర్వాత వానాకాలంలో "ఈ కార్పొరేటర్‌కి ఎవడు ఓటేశాడ్రా" అని అడుగుతుంటే ఏం చెప్పాలి? నువ్వు వేయలేదు, అందుకే ఇంకెవరో వేశారు.

ఇక వాడకం అనుభవం.

నేను కిరాయి ఇళ్లలో ఉంటూ మూసీకి అటూ ఇటూ డివిజన్లు మారినవాణ్ని, కాబట్టి ఒకరి మీద పగతో రాస్తున్నది కాదు. ఎక్కడికెళ్లినా ఒకటి మాత్రం మారలేదు. ఏ సమస్య చెప్పినా ముందు వచ్చే ప్రశ్న, "ఓటు ఇక్కడనే ఉన్నదా?" అని. అదేదో మన ఆధార్ అడిగినట్టు అడుగుతారు. ఉంది అంటే గొంతు ఒకలా ఉంటుంది, సొంతూళ్లో ఉంది అంటే ఇంకోలా. కిరాయిదార్లు చేయాల్సిన మొదటి పని ఓటు ఇక్కడికి మార్చుకోవడం, మోరీ గురించి ఫోన్ చేయడం రెండోది.

ఒకసారి పొద్దున్నే మా గేటు ముందు మ్యాన్‌హోల్ పొంగింది. పిల్లలు స్కూల్ బస్సెక్కాలంటే ఇటుకల మీద అడుగులేసుకుంటూ వెళ్తున్నారు. అప్పటి మా కార్పొరేటర్ మహిళ. ఆవిడ నంబర్‌కి ఫోన్ చేస్తే మగ గొంతు.

"నమస్తే అన్నా, మేడమ్ ఉన్నారా?"

"చెప్పన్నా, నేనే చూస్త."

"మేడమ్‌తోనే మాట్లాడదామని."

"మేడమ్ పూజల ఉన్నది. నాకు చెప్తే మేడమ్‌కు చెప్పినట్టే. ఏం ప్రాబ్లమ్?"

చెప్పాను. ఓటు ప్రశ్న అయింది. తర్వాత, "అది జలమండలోళ్లది అన్నా, మనది కాదు. అయినా నేను సార్‌కు చెప్త, ఎయిర్‌టెక్ మిషన్ పంపిస్తరు, టెన్షన్ తీసుకోకు." సాయంత్రం దాకా ఏ మిషనూ రాలేదు. ఎందుకు రాలేదంటే ఆయన ఎవరికీ చెప్పలేదు. తర్వాత ఇంకొకాయన నేరుగా జలమండలి నంబర్ 155313కి ఫోన్ చేసి కంప్లయింట్ నంబర్ తీసుకుంటే ఆ రాత్రే మిషన్ వచ్చి గొట్టం దింపి క్లియర్ చేసి వెళ్లిపోయింది. ఆ ఇంకొకాయన ఎవరన్నది కాస్త ఆగి చెప్తాను.

గ్రేటర్‌లో సగం సీట్లు మహిళలకే రిజర్వు, అది మంచి నిబంధన, నాకేం పేచీ లేదు. పేచీ అంతా ఈ "నేనే చూస్త" అన్నలతోనే. ఫ్లెక్సీలో మేడమ్, ఫోన్‌లో అన్న, కౌన్సిల్ మీటింగ్‌లో మేడమ్, కాంట్రాక్టర్ దగ్గర అన్న. అందరూ అలా లేరు, అంతకుముందు నేనున్న డివిజన్‌లో ఒక అక్క ఉండేది, ఫోన్ తనే ఎత్తేది, చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని పొద్దున ఆరింటికి హాజరు వేసే చోట నిలబడి శానిటరీ జవాన్‌ని "మూడో గల్లీకి నిన్న ఎవ్వలు రాలే, ఎందుకు?" అని అడిగేది. ఆవిడకి నేను 4 స్టార్లు ఇస్తాను. మళ్లీ టికెట్ రాలేదు, అది వేరే కథ.

న్యాయంగా రాయాలంటే బాగున్నవీ చెప్పాలి. వీధి దీపం వెలగకపోతే దాదాపు ఏ కార్పొరేటర్ అయినా చూస్తాడు, ఖర్చు తక్కువ, వెలుతురు అందరికీ కనపడుతుంది. ఇంట్లో చావు జరిగితే మాత్రం మనవాళ్లు నిజంగా ఉంటారు. ఫ్రీజర్ బాక్స్, వైకుంఠ రథం, శ్మశానంలో మాట సాయం, అర్ధరాత్రయినా మనిషిని పంపిస్తారు. పెళ్లికి రోడ్డు మీద షామియానా వేసుకోవాలన్నా, పోలీస్ స్టేషన్‌లో చిన్న పంచాయితీ అయినా, స్కూల్లో సీటుకు ఉత్తరం కావాలన్నా చేస్తారు. ఒక మనిషికి చేసే పనిలో వీళ్లు దిట్టలు. గల్లీ మొత్తానికి చేయాల్సిన పని దగ్గరే తేడా వస్తుంది, ఎందుకంటే నాలా వెడల్పు చేయాలంటే ఆ పక్కనున్న నాలుగు ఇళ్లవాళ్లు శత్రువులవుతారు, చేసినందుకు మిగతా నాలుగు వందల ఇళ్లవాళ్లు గుర్తు కూడా పెట్టుకోరు. వరదల తర్వాత ఎస్ఎన్‌డీపీ అని నాలాలకు ప్రత్యేక కార్యక్రమం పెట్టి పనులు చేశారు, కానీ వీధి చివర చిన్న పైపు పెద్ద నాలాలో ఎక్కడ కలుస్తుందో చూసుకోవాల్సింది స్థానికంగా ఉన్నవాళ్లే.

ఇప్పుడు ఓడిపోయినవాళ్ల గురించి. మన హైదరాబాద్‌లో ఒక పదవి ఉంది, ఏ చట్టంలోనూ లేదు, విజిటింగ్ కార్డు మీద మాత్రం ఉంటుంది: కంటెస్టెడ్ కార్పొరేటర్. బయటి ఊళ్లవాళ్లకి చెప్తే నమ్మరు. ఓడిపోయిన సంగతిని బంగారు రంగు అక్షరాల్లో కారు వెనక రాయించుకునే ధైర్యం మనవాళ్లకే ఉంది. నేనూ మొదట్లో నవ్వేవాణ్ని. కానీ సేవ విషయానికొస్తే ఇంతకంటే మంచి డీల్ లేదు.

ఆ రోజు 155313కి ఫోన్ చేసింది ఈ కంటెస్టెడ్ అన్నే. ఎవరో బస్తీ వాట్సాప్ గ్రూప్‌లో వీడియో పెడితే చూసి బండి మీద వచ్చాడు, వెనకాల ఫోన్ పట్టుకున్న ఒక పిల్లగాడు. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి ఆ నీళ్లలోకి దిగి నిలబడ్డాడు. గడ్డపారతో మూత లేపబోతున్న మా వాచ్‌మన్‌ని "నువ్వు పక్కకు జరుగు తాతా, లోపల గ్యాస్ ఉంటది" అని ఆపి, ఫోన్ స్పీకర్‌లో పెట్టి, ల్యాండ్‌మార్క్ చెప్పి, కంప్లయింట్ నంబర్ వచ్చేదాకా లైన్ వదల్లేదు. ఆ నంబర్ మా గేటు పక్క గోడ మీద బొగ్గుతో రాశాడు, "మిషన్ రాకపోతే ఈ నంబర్ చెప్పి మళ్లీ చెయ్యిండ్రి" అని. పిల్లగాడు వీడియో తీశాడా అంటే తీశాడు. తీసుకోనీ. దానికి రీల్ చేసి ఏదో సినిమా మ్యూజిక్ కూడా పెట్టారు, నేను కూడా లైక్ కొట్టాను. ఓటు ఎక్కడుందని మాత్రం ఆయన అడగలేదు (తర్వాత వారం ఇంటికొచ్చి అడిగాడు).

ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. గెలిచినవాడిని అయిదేళ్లు ఎవరూ కదిలించలేరు, ఓడినవాడికి ఆ అయిదేళ్లూ ప్రచారమే. 2020లో బీఎన్ రెడ్డి నగర్‌లో తేడా 32 ఓట్లు. 32 అంటే మా అపార్ట్‌మెంట్‌లో రెండు అంతస్తులు. అంత దగ్గరగా ఓడిపోయినవాడికి నిద్ర పట్టదు, ఆ నిద్ర పట్టని మనిషే మన మోరీకి కావాలి. కాబట్టి మీ డివిజన్‌లో రెండో స్థానంలో వచ్చింది ఎవరో కనుక్కుని నంబర్ సేవ్ చేసుకోండి. గెలిచినవాళ్ల నంబర్ ఎలాగూ గోడల మీద ఉంటుంది.

మూడున్నర ఎందుకు, అయిదు ఇవ్వొచ్చు కదా అంటే, ఇందులో మెలికలున్నాయి. ఆయన సంతకానికి విలువ లేదు, పని మంజూరు చేయించలేడు. ఆయన పార్టీ రాష్ట్రంలో అధికారంలో ఉంటే డివిజన్ ఇన్‌చార్జి అన్న పేరుతో గెలిచినవాడికంటే ఎక్కువే నడుస్తుంది, శంకుస్థాపన కొబ్బరికాయ కూడా ఆయనే కొడతాడు, గెలిచినవాడు పక్కన నిలబడి అలిగి ప్రెస్‌మీట్ పెడతాడు. ఆయన పార్టీ ప్రతిపక్షంలో ఉంటే ఫోన్ చేయడం, ధర్నా చేయడం, అంతవరకే. పైగా రిజర్వేషన్ మారితే అయిదేళ్ల కష్టం గాలికి పోతుంది, జనరల్ సీటు మహిళ అయితే వెంటనే ఫ్లెక్సీలో వాళ్లావిడ ప్రత్యక్షమవుతుంది, అక్కడి నుంచి మళ్లీ "నేనే చూస్త" కథ మొదలు. ఇప్పుడు వార్డుల గీతలు మారడంతో మా కంటెస్టెడ్ అన్న సేవ చేసిన గల్లీలు సగం ఒక వార్డులోకి, సగం ఇంకో వార్డులోకి పోయాయి. మనిషి ముఖం చూస్తే జాలేసింది, నిజంగా.

కొత్త ఆశావహుల సంగతి ఇంకా ట్రయల్‌లోనే ఉంది, పూర్తి రేటింగ్ ఇవ్వలేను. గణపతి మండపానికి లడ్డూ, బోనాలకు ఫ్లెక్సీ, అయ్యప్ప పడిపూజ, కంటి పరీక్షల క్యాంపు, సంక్రాంతికి ముగ్గుల పోటీ, క్యాలెండర్. క్యాలెండర్‌లో మాత్రం తిథులు సరిగ్గా ఉన్నాయి, మా అమ్మ అదే వాడుతోంది, దానికి ఒక స్టార్. ఇవన్నీ తీసుకోండి, మొహమాటం వద్దు, ఓటు మాత్రం వేరే లెక్క మీద వేయండి.

మా పై ఫ్లాట్‌లో రిటైర్డ్ టీచరమ్మ ఉన్నారు, ఆవిడ పద్ధతి నాకు బాగా నచ్చింది. గుంపుగా వచ్చి బొట్టు పెట్టి పాంప్లెట్ ఇచ్చే ప్రతి ఆశావహుడిని కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఒకటే అడుగుతారు: "నాయనా, మన గల్లీ మురుగు ఇక్కణ్నుంచి ఏ దారిన పోయి ఎక్కడ కలుస్తుందో చెప్పు." మొన్న ఒకాయన "అమ్మా, మీ ఆశీర్వాదం ఉంటే అన్నీ చేస్త" అన్నాడు. "ఆశీర్వాదం సరే, ఎక్కడ కలుస్తుంది?" అని మళ్లీ అడిగారు. వెనకాల ఉన్నవాళ్లలో ఒకడు చెవిలో ఏదో చెప్పబోతే "నువ్వు చెప్పకు, కాపీ కొట్టద్దు" అని గదమాయించారు. ఇంకొక కుర్రాడొచ్చాడు, హార్డ్‌వేర్ షాపు వాళ్లబ్బాయి, ఏ పార్టీ టికెట్టూ ఖాయం కాలేదు. తన పాంప్లెట్ వెనకాలే పెన్నుతో గీశాడు: ఇదిగో మీ గేటు, ఇది కల్లు కాంపౌండ్ మూల, ఇక్కడ పైపు సన్నబడింది, అందుకే వెనక్కి తంతోంది, ఇక్కణ్నుంచి నాలా, నాలా నుంచి మూసీ. గీత వంకరగా ఉంది, విషయం సరిగ్గా ఉంది. అతను రెబల్‌గా నామినేషన్ వేసినా సరే, ఇప్పటికి మా ఇద్దరి మార్కులూ అతనికే. ఆవిడ ఆ కాగితం ఫ్రిజ్ మీద అయస్కాంతంతో అంటించి పెట్టుకున్నారు.

నామినేషన్లు అయ్యాక అఫిడవిట్లు చూడండి, రెండు నిమిషాల పని: కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు, అన్నీ అభ్యర్థి స్వయంగా రాసిచ్చినవే. నేను ముఖ్యంగా చూసేది వృత్తి దగ్గర ఏం రాశారని. "సమాజ సేవ" అని ఉంటే ఆస్తుల పేజీ ఇంకోసారి చదువుతాను. డిపాజిట్ 2020లో 5,000 ఉండేది, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 2,500, అందుకే ఎవరైనా నిలబడొచ్చు, 150 సీట్లకు 1,122 మంది నిలబడ్డారు కూడా. అందులో మీ గల్లీ మనిషి ఒకడుంటాడు, గుర్తు చూసి పేరు చదవకుండా వేసేయకండి. గుర్తంటే గుర్తొచ్చింది, అప్పుడు కోవిడ్ వల్ల ఈవీఎంలు కాకుండా పేపర్ బ్యాలెట్ పెట్టారు, ఓల్డ్ మలక్‌పేటలో సీపీఐ గుర్తు బదులు సీపీఎం గుర్తు అచ్చయి డిసెంబర్ 3న మళ్లీ పోలింగ్ పెట్టాల్సొచ్చింది. నేరేడ్‌మెట్‌లో ఓటేసే స్వస్తిక్ ముద్ర కాకుండా వేరే ముద్ర పడిన ఓట్ల గొడవ హైకోర్టు దాకా వెళ్లి డిసెంబర్ 9న గానీ ఫలితం తేలలేదు. ఎవరూ నచ్చకపోతే నోటా కూడా ఉంటుంది, కాకపోతే నోటా వచ్చి మోరీ తీయదు.

ఇంకొకటి, అన్నిటికంటే ముందు చేసుకోవాల్సింది. కార్పొరేషన్ ఎన్నికలకు వేరే ఓటర్ల జాబితా ఉండదు, అసెంబ్లీ జాబితానే వార్డుల వారీగా విడగొడతారు. అందులో మీ పేరు పాత ఇంటి దగ్గరుంటే ఇక్కడ వార్డులో రాదు, పోలింగ్ రోజు బూత్ దగ్గర ఎంత అరిచినా లాభం లేదు. ఇల్లు మారితే ఫారం 8, కొత్తగా అయితే ఫారం 6. ఇంట్లో ముగ్గురి పేర్లు మూడు బూత్‌ల్లో పడటం మన ఊళ్లో మామూలే, గీతలు మారాయి కాబట్టి ఈసారి ఇంకా ఎక్కువ ఉంటుంది, ముందే చూసుకోండి. మా అపార్ట్‌మెంట్‌లో కింది ఫ్లాట్ పెద్దాయన పేరు ఇంకా ఆయన పదేళ్ల కిందట ఖాళీ చేసిన ఇంటి నంబర్ మీదే ఉంది. ఆదివారం టీచరమ్మ ఇంట్లో కూర్చుని అందరివీ సరిచేద్దామనుకున్నాం. కంటెస్టెడ్ అన్నకి ఎలా తెలిసిందో, ల్యాప్‌టాప్ ఉన్న ఇద్దరు పిల్లగాళ్లను తీసుకుని తానూ వస్తానన్నాడు. ఏ కండువాతో వస్తాడో మాత్రం శనివారం దాకా తేలదట.